మానని రొమ్ము గడ్డ: పరీక్షకు తీసిన ముక్కను రెండు సీసాల్లో వేయించండి

పోయిన నెల సంచికలో పాలిచ్చే తల్లుల రొమ్ము వాపుల గురించి రాసిన జవాబు చదివి, ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు పాఠకులు ఈసారి చాలా ఉత్తరాలు పంపారు. బిడ్డ పాలు మానేసి ఏళ్లు గడిచాక వచ్చిన గడ్డల గురించే వాటిలో ఎక్కువమంది అడిగారు. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబిస్తున్నాను; మిగిలినవి ఇంచుమించు వీటి మాదిరిగానే ఉన్నందువల్ల విడిగా రాయడం లేదు. రాసినవారి కోరిక మేరకు పేర్లు తీసివేశాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. నా వయసు 31. బాబుకు మూడున్నరేళ్లు, వాడు పాలు మాని ఏడాదిన్నర అయింది. ఐదు నెలల కిందట కుడి రొమ్ములో గట్టిగా గడ్డ తగిలింది. పది రోజుల్లో పైన చర్మం ఎర్రబడి నొప్పి మొదలైంది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో సెగగడ్డ అని చెప్పి మూడు కోర్సులు యాంటీబయాటిక్ ఇచ్చారు, రెండుసార్లు కోసి చీము తీశారు. కోసిన చోట ఇప్పటికీ రసి కారుతూనే ఉంది, దాని పక్కన ఇంకో గడ్డ లేచింది. మా అత్తగారు వేపాకు, పసుపు నూరి కట్టు కట్టారు. సన్న సూదితో చేసిన పరీక్షలో ‘గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్, క్షయ ఉన్నదేమో చూడాలి’ అని రాశారు. ఒక డాక్టరు గారు ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టమన్నారు, మరొకరు స్టెరాయిడ్ అన్నారు, ఇంకొకరు ఆ భాగమంతా తీసేయాలన్నారు. మా ఆయన ఎటూ తేల్చుకోలేక మందుల చీటీని దేవుడి గూట్లో పెట్టి ఉంచారు. నెల రోజులుగా మోకాళ్ల నొప్పులు, కాళ్ల ముందువైపు ఎర్రటి గడ్డలు కూడా ఉన్నాయి. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, రొమ్ము గడ్డ గురించి ఇంత వివరంగా రాసి, కాళ్ల మీది ఎర్రటి గడ్డల సంగతి చివర ఒక్క వాక్యంలో ముగించారు. నాకు ఆ వాక్యమే ముఖ్యంగా కనిపించింది. మోకాలి కింద ముందువైపు లేచి, ముట్టుకుంటే నొప్పిపుట్టే ఇటువంటి గడ్డలను ఎరితీమా నోడోసమ్ అంటారు. మామూలు సెగగడ్డకు కాళ్లతో, కీళ్లతో సంబంధం ఉండదు. ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు, శరీరపు రక్షణ వ్యవస్థే రెచ్చిపోయి ఉన్నదేమోనని ఆలోచించాలి. రొమ్ము చూపించుకోవడానికి వెళ్లిన చోట కాళ్లు కూడా చూపించాలని సాధారణంగా ఎవరికీ తోచదు. ఈసారి తప్పక చూపించండి. అయితే ఈ కాలి గడ్డలు క్షయలోనూ, సార్కాయిడోసిస్ అనే మరో జబ్బులోనూ వస్తాయి కాబట్టి, వాటిని బట్టే జబ్బు పేరు నిర్ణయించడానికి వీల్లేదు.

మీ రిపోర్టులో ఉన్న గ్రాన్యులోమా అనే మాటను అర్థం చేసుకుంటే, ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు ఎందుకు చెప్పారో మీకే తెలుస్తుంది. శరీరం ఒకదాన్ని చంపలేక, బయటికి నెట్టలేక పోయినప్పుడు రక్షక కణాలు దాని చుట్టూ గుంపుగా చేరి ముడి కడతాయి. ఆ ముడే గ్రాన్యులోమా. క్షయ సూక్ష్మజీవి చుట్టూ అది కడుతుంది, కొన్ని రకాల ఫంగస్ చుట్టూ కడుతుంది, లోపల ఉండిపోయిన పరాయి వస్తువు చుట్టూ కూడా కడుతుంది. ఇవేవీ కనిపించకుండానే, రొమ్ములో పాలు ఊరే చిన్న గుత్తుల నడుమ ముడులు కట్టే జబ్బు ఒకటి ఉంది. దానిని 1972లో కెస్లర్, వోలక్ అనే ఇద్దరు వైద్యులు విడిగా గుర్తించి వర్ణించారు. కారణం అంతుపట్టనిది గనుక ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అంటారు. ఎక్కువగా పిల్లల్ని కన్న వయసులోని స్త్రీలకు, కాన్పు అయిన కొన్నేళ్లలోపు వస్తుంది. గట్టి గడ్డ, ఎరుపు, చీము చేరడం, కోసిన చోటు మానకుండా రంధ్రం పడి రసి కారడం, పక్కనే మరొకటి లేవడం, ఒక్కోసారి చనుమొన లోపలికి లాక్కుపోవడం దీని తీరు. మీ కథ దీనికి చాలా దగ్గరగా ఉంది. ఇంతకు మించి, మిమ్మల్ని చూడకుండా, ఉత్తరం చదివి నేను చెప్పకూడదు.

ఈ జబ్బుకు ‘ఇదే’ అని తేల్చే రక్త పరీక్ష లేదు. స్కానింగులో అంచులు సరిగా లేని నల్లటి మచ్చ, దాని నుంచి గొట్టాల్లా పక్కకు పాకిన పాయలు కనిపిస్తాయి గాని, క్యాన్సర్ కూడా కొన్నిసార్లు అదే తీరున కనిపిస్తుంది. అందుకే రిపోర్టులో బైరాడ్స్ 4 అని రాస్తుంటారు. రొమ్ము స్కానింగులో అనుమానం ఎంత ఉందో చెప్పే అంకె అది. ఆ అంకె చూసి ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టిన కుటుంబాలను నేను చూశాను. ముక్క తీసి చూడకుండా వదలవద్దని చెప్పడమే ఆ అంకె పని. క్యాన్సర్ అని తేల్చడం కాదు. చివరికి మిగిలిన జబ్బులన్నిటినీ ఒక్కొక్కటిగా పక్కకు పెట్టగలిగినప్పుడే ఈ పేరు నిలుస్తుంది. సన్న సూది పరీక్ష ఆ పనికి చాలదు. దానిలో విడివిడి కణాలు మాత్రమే వస్తాయి. ముడులు పాలగుత్తుల నడుమ ఉన్నాయా, మరెక్కడైనా ఉన్నాయా, మధ్యలో కుళ్లు ఉందా లేదా అన్నది చూడాలంటే కణజాలం అమరిక చెదరకుండా ముక్కగా రావాలి.

ఇక మీకు దొరికిన మూడు సలహాల సంగతి. టీబీ మందులు వెంటనే మొదలుపెట్టమన్న డాక్టరు గారి ఆలోచన నిరాధారమైనది కాదు. క్షయ మన దేశంలో ఎక్కువ; రొమ్ముకూ వస్తుంది. 1829లోనే ఆస్ట్లీ కూపర్ అనే ఇంగ్లండు శస్త్రవైద్యుడు రొమ్ము క్షయను వర్ణించాడు. కానీ గ్రాన్యులోమా కనిపించినంత మాత్రాన క్షయ అనుకోవడం, పొగ కనిపించిన ప్రతిచోటా ఇల్లే కాలుతోందనుకోవడం లాంటిది. ఇందులో ఇంకో తిరకాసు కూడా ఉంది. ఇడియోపతిక్ జబ్బు చాలామందిలో నెలల తరబడి సాగి దానంతటదే తగ్గుతుంది. పైగా టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ క్షయ సూక్ష్మజీవి ఒక్కదాని మీదే పనిచేసే మందు కాదు. అందువల్ల ‘టీబీ మందులు వాడితే తగ్గింది, కాబట్టి అది టీబీయే’ అన్న వాదం నిలబడదు. క్షయ కోసం చేతి చర్మంలో సూది వేసి చూసే మాంటూ పరీక్షలో చెయ్యి ఉబ్బడం కూడా రుజువు కాదు. మన ప్రాంతంలో జబ్బు లేకుండానే ఎప్పుడో ఆ సూక్ష్మజీవి తగిలినవారు ఎందరో ఉన్నారు, వాళ్లలో చాలామందికి చెయ్యి ఉబ్బుతుంది. ముక్కలో క్షయ సూక్ష్మజీవి కనిపించడం, కల్చరులో, అంటే ప్రయోగశాలలో సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో పెరగడం, లేదా ఆ సూక్ష్మజీవి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షలో దొరకడం వంటి ఆధారం ఉండాలి. ఒక్కోసారి ఇవేవీ దొరక్కపోయినా, ముడుల నడుమ జున్నులాంటి కుళ్లు ఉండి, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చలుండి, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నట్లు తెలిస్తే, టీబీ మందులు ఇవ్వడం సబబే.

స్టెరాయిడ్ అన్న డాక్టరు గారి ఊహే చివరికి నిజం కావచ్చు. కానీ లోపల క్షయో ఫంగసో ఉండగా స్టెరాయిడ్ వేస్తే, మొదటి రెండు వారాలు ఎరుపు తగ్గి అందరూ సంతోషిస్తారు, ఆ తరువాత జబ్బు విజృంభిస్తుంది. అంతేకాక స్టెరాయిడ్ మొదలుపెట్టాక తీసిన ముక్కలో అసలు రూపం మసకబారి, ముక్కను సూక్ష్మదర్శినిలో చూసే పాథాలజిస్టుకు కూడా తేల్చడం కష్టమవుతుంది. కాబట్టి ముక్క ముందు, స్టెరాయిడ్ తరువాత. భాగమంతా తీసేయాలన్న మూడో సలహాను మాత్రం ఈ దశలో నేను ఒప్పుకోను. ఈ జబ్బులో కోసిన గాయాలు ఎంతకూ మానవని మీకే అనుభవమైంది. తీసిన తరువాత మళ్లీ రావడమూ ఉంది, రొమ్ము ఆకారం మాత్రం తిరిగి రాదు. చీము చేరినప్పుడు స్కానింగు చూస్తూ సూదితో లాగించుకోవడం మేలు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. మీకు కావలసింది మందపాటి సూదితో చేసే కోర్ బయాప్సీ. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, స్కానింగులో చూస్తూ, అగ్గిపుల్ల మందాన నాలుగైదు ముక్కలు తీస్తారు. అరగంటలో అయిపోతుంది, అదే రోజు ఇంటికి రావచ్చు. ఆ ముక్కలను రెండు సీసాల్లో వేయించాలి. ఒక సీసాలో ఫార్మలిన్ ఉంటుంది. అది పాథాలజీకి వెళుతుంది. రెండో సీసాలో ఉత్త సెలైన్ ఉంటుంది; అది సూక్ష్మజీవులను వెతికే మైక్రోబయాలజీకి వెళుతుంది. ఫార్మలిన్ కణజాలాన్ని చెడిపోకుండా కాపాడుతుంది, కానీ అందులోని సూక్ష్మజీవులన్నిటినీ చంపేస్తుంది. ముక్కలన్నీ ఫార్మలిన్‌లో వేశాక ఎంత పెద్ద ప్రయోగశాలకు పంపినా కల్చరులో ఏదీ పెరగదు. మా దగ్గరికి వచ్చే కాగితాలలో నేను పదే పదే చూసే లోపం ఇదే. బయాప్సీ జరిగి ఉంటుంది, రిపోర్టు ఉంటుంది, అయినా క్షయా కాదా అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలి ఉంటుంది, ఎందుకంటే రెండో సీసా ఎవరూ అడగలేదు. అడగడానికి మొహమాటపడకండి. ‘సగం ముక్కలు సెలైన్‌లో వేసి మామూలు కల్చరు, టీబీ కల్చరు, సీబీనాట్, ఫంగస్ పరీక్షలకు పంపుతారా సార్’ అని మీ ఆయన చేత ముందే అడిగించండి.

సెలైన్ సీసా ఆ రోజే, వీలైతే గంట రెండు గంటల్లో ప్రయోగశాలకు చేరాలి. దాన్ని ఇంటికి తెచ్చి మర్నాడు బస్సులో పంపితే ఫలితం ఉండదు. అందుకే పాథాలజీ, మైక్రోబయాలజీ రెండూ ఒకే ఆవరణలో ఉన్న చోట బయాప్సీ చేయించుకోవడం మంచిదని నా అభిప్రాయం. మీకు అటు బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఉంది, ఇటు నౌపడా మీదుగా రైలెక్కితే విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రి ఉంది. ఎటు వెళ్లినా మొదట్నుంచీ ఒక్కచోటే చూపించుకోండి. సగం పరీక్షలు ఒక రాష్ట్రంలో, సగం మరో రాష్ట్రంలో చేయించుకుంటే కాగితాలు కలపడానికే నెల పడుతుంది.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన యాంటీబయాటిక్‌ల పేర్లన్నీ రాసుకెళ్లండి. లెవోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్ వంటివి క్షయ సూక్ష్మజీవిని కొంత అణచిపెడతాయి గనుక, వాటిని వాడుతుండగా తీసిన కల్చరు తప్పుదారి పట్టించవచ్చు. గ్యాస్ నొప్పికని, వాంతులకని వాడే బిళ్లల పేర్లు కూడా చెప్పండి. లెవోసల్పిరైడ్, డోంపెరిడోన్ లాంటి మందులు, మనసు జబ్బుకు ఇచ్చే రిస్పెరిడోన్ వంటివి ప్రొలాక్టిన్ అనే పాల హార్మోనును పెంచుతాయి. ఈ జబ్బు ఉన్న కొందరిలో ఆ హార్మోను ఎక్కువగా ఉన్నట్లు చూశారు. గ్యాస్ బిళ్లను ఎవరూ మందుల లెక్కలో వేసుకోరు, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. ప్రొలాక్టిన్, థైరాయిడ్, షుగర్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించమని డాక్టరు గారిని అడగండి.

మైక్రోబయాలజీ వారికి ఇంకో మాట చెప్పించాలి. కొరినీబాక్టీరియం క్రోపెన్‌స్టెడ్టీ అనే సూక్ష్మజీవిని 1998లో గుర్తించారు. ఆ తరువాత కొన్నేళ్లకు ఈ రొమ్ము జబ్బు ఉన్నవారి ముక్కల్లో అది కనిపించడం మొదలైంది. అది కొవ్వును ఆశించి బతుకుతుంది, మామూలు కల్చరు పళ్లేల మీద మెల్లగా, పలచగా పెరుగుతుంది. రెండు రోజులకే పళ్లెం పారేస్తే దొరకదు. ఒకవేళ పెరిగినా, చర్మం మీది సూక్ష్మజీవి అంటుకుని ఉంటుందని కొట్టిపారేసే ప్రమాదం ఉంది. కల్చరును మరికొన్ని రోజులు ఉంచమని ఫారం మీద రాయిస్తే చాలు. పాథాలజిస్టు కూడా ముడుల నడుమ కొవ్వు కరిగిపోయిన చిన్న ఖాళీలు, వాటి చుట్టూ చీముకణాలు ఉన్నాయేమో చూస్తారు. అలా ఉంటే డాక్సీసైక్లిన్ వంటి, కొవ్వులోకి చొరబడగల మందులను వాడుతుంటారు. మీకు మూడు కోర్సులూ ఎందుకు పనిచేయలేదన్న దానికి ఇదొక కారణం కావచ్చు.

క్షయ, ఫంగస్, క్యాన్సర్ లేవని తేలి, పాలగుత్తుల నడుమ కుళ్లు లేని ముడులు మాత్రమే కనిపిస్తే, అప్పుడు ఇడియోపతిక్ అనే పేరు పెట్టవచ్చు. జబ్బు తక్కువగా ఉన్నవారిని ఏ మందూ లేకుండా నెలనెలా చూస్తూ ఉండడం కూడా ఒక వైద్యమే. మీలాగా కీళ్లు, కాళ్లు కూడా బాధిస్తున్నవారికి స్టెరాయిడ్ బాగా పనిచేస్తుంది. మోతాదు ఇక్కడ రాయను. అది మీ బరువును, షుగరును చూసి నిర్ణయించాలి. ఏ దారిన పోయినా పూర్తిగా తగ్గడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుందని ముందే మనసులో పెట్టుకుంటే, నెలకో డాక్టరును మార్చే పని ఉండదు. అత్తగారి వేపాకు కట్టుతో ఈ జబ్బు రాలేదు. కానీ రంధ్రం పడిన గాయం మీద ముద్ద పెట్టవద్దని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. సెలైన్‌తో తుడిచి శుభ్రమైన గాజుగుడ్డ వేసుకుంటే చాలు. దేవుడి గూట్లోని చీటీని పారేయకండి, మిగతా కాగితాలతో పాటు పట్టుకెళ్లండి.

ప్రశ్న: మాది గుణుపురం. మా చెల్లెలికి 38 ఏళ్లు. రొమ్ములో గడ్డకు ముక్క పరీక్ష చేయాలన్నారు. సూది గుచ్చితే లోపలి జబ్బు రేగి ఒళ్లంతా పాకుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవడం లేదు. నిజమేనా?

జవాబు: కాదు బాబూ. ముక్క పరీక్ష చేయించుకున్నందువల్ల క్యాన్సర్ ముదిరిపోతుందన్నది అపోహ. ప్రపంచమంతటా రొమ్ము క్యాన్సర్ వైద్యం ఈ పరీక్షతోనే మొదలవుతుంది. పెద్దవాళ్ల భయానికి మూలం ఎక్కడుందో నాకు తెలుసు: జబ్బు బాగా ముదిరాక పరీక్షకు వెళ్లినవారు ఆ తరువాత కొద్ది నెలలకే పోతే, ఊళ్లో వాళ్లకు చివరగా జ్ఞాపకం ఉండేది ఆ సూదే. వాళ్లకు ఇంకో సంగతి చెప్పి చూడండి. గడ్డ క్యాన్సర్ కాకపోతే మీ చెల్లెలిని పెద్ద ఆపరేషన్ నుంచి తప్పించగలిగేది కూడా ఈ పరీక్షే. నొప్పి, కొంచెం కమిలిన మచ్చ నాలుగైదు రోజులు ఉంటాయి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందుగా చెప్పాలి.

ప్రశ్న: నేను రాయగడ జిల్లాలో ఆశా కార్యకర్తను, ఊళ్లో అందరూ దీదీ అంటారు. తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, కొండ ఊళ్ల వాళ్లు రొమ్ము వాపని నాకే ముందు చెబుతారు. వీరిలో ఎవరిని ఇక్కడే చూడవచ్చు, ఎవరిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి?

జవాబు: దీదీ, మీ ఉత్తరం వచ్చినందుకు చాలా సంతోషించాను, ఎందుకంటే ఈ జబ్బుల్లో ఆలస్యం ఎక్కువగా మొదటి నెలలోనే జరుగుతుంది. పాలిచ్చే తల్లికి, ముఖ్యంగా కాన్పయిన మొదటి వారాల్లో, చలిజ్వరంతో రొమ్ము ఒక భాగం ఎర్రబడి నొప్పిగా ఉంటే అది చాలావరకు మామూలు వాపే. ఆమె పాలివ్వడం మానకూడదు. ఆ రొమ్ముతో కూడా ఇవ్వవచ్చు. బిడ్డకు చన్ను సరిగ్గా అందించడం నేర్పి, ఒకటి రెండు రోజుల్లో తగ్గకపోతే డాక్టరు చేత యాంటీబయాటిక్ రాయించాలి. నీరు నిండినట్లు మెత్తగా గడ్డ తగిలితే చీము పట్టిందని అర్థం, సూదితో తీయించాలి.

పాలివ్వని స్త్రీకి వచ్చిన ‘సెగగడ్డ’ను ఎప్పుడూ అనుమానించండి. ఒక కోర్సు యాంటీబయాటిక్ పూర్తయి, వారం పది రోజులకు కూడా తగ్గని దానిని రెండో కోర్సుకు కాదు, స్కానింగుకు పంపాలి. పైన పర్లాకిమిడి అమ్మాయికి చెప్పిన జబ్బును ఈ దశలోనే పట్టుకోగలిగితే రెండు కోతలు తప్పేవి.

అన్నిటికంటే తొందరగా పంపవలసినది ఇంకొకటి ఉంది. దానిని ఇన్‌ఫ్లమేటరీ రొమ్ము క్యాన్సర్ అంటారు. 1924 నుంచి ఆ పేరు వాడుకలో ఉంది. రొమ్ము క్యాన్సర్లలో ఇది అరుదైనది, నూటికి ఐదుకు మించదు, కానీ చాలా వేగంగా ముదురుతుంది. ఇందులో చేతికి గడ్డ తగలకపోవచ్చు. కొద్ది వారాల్లోనే రొమ్ములో మూడో వంతుకో, అంతకు మించో ఎరుపు పాకి, రొమ్ము బరువెక్కి, వేడిగా ఉండి, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా కనిపిస్తుంది. నల్లటి ఒంటిచాయ ఉన్నవారిలో ఎరుపు తెలియక, చర్మం ముదురు రంగుకు మారి దళసరిగా కనిపించవచ్చు. కొండ ఊళ్లలో తిరిగేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సాధారణంగా జ్వరం ఉండదు, చీమూ ఉండదు. చంకలో బిళ్ల కట్టి ఉండవచ్చు, చనుమొన కొత్తగా లోపలికి పోయి ఉండవచ్చు. అటువంటి స్త్రీకి లోపలి ముక్కతో పాటు చర్మం ముక్క కూడా తీసి చూస్తారు. చర్మం ముక్కలో క్యాన్సర్ కణాలు కనిపించకపోయినా, రొమ్ము పైకి ఈ తీరున ఉంటే అంతటితో వదిలేయకూడదు. వయసు చిన్నదని కూడా వదలవద్దు, ముప్పైల్లో ఉన్నవారికీ ఇది వస్తుంది.

మగవాళ్లు ఇంట్లో ఉండగా రొమ్ము సంగతి అడిగితే ఎవరూ చెప్పరని మీకు నేను చెప్పనక్కరలేదు. పిల్లల టీకాల రోజున, తల్లులు మాత్రమే ఉన్నప్పుడు అడగడం మంచిదని ఇటువంటి ఊళ్లలో పనిచేసిన ఒక నర్సమ్మ నాతో అన్నారు.

ప్రశ్న: మాది గంజాం జిల్లా. విశ్రాంత ఉపాధ్యాయుడిని. మా వీధిలో బోదకాలు ఉన్నవారు కొందరున్నారు. మా కోడలికి రొమ్ములో చిన్న గడ్డ ఉంది. బోదకాలు పురుగు రొమ్ముకు వస్తుందా?

జవాబు: వస్తుంది మాస్టారూ, అరుదుగా. ఫైలేరియా ఉన్న ప్రాంతాల్లో రొమ్ములోని శోషరస నాళాల్లో ఆ పురుగు చేరి గడ్డ కట్టవచ్చు. స్కానింగులో నాళం లోపల పురుగులు మెలికలు తిరుగుతూ కదలడం కనిపిస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది. సన్న సూది పరీక్షలో దాని పిల్లలు దొరకడం ద్వారా కూడా బయటపడుతుంది. సన్న సూది పరీక్ష చాలదని పైన రాశాను గాని, ఈ ఒక్క విషయంలో అది బాగా ఉపయోగపడుతుంది. అయితే వీధిలో బోదకాలు ఉందన్న కారణంగా కోడలి గడ్డను దాని ఖాతాలో వేసి ఊరుకోకండి, ముందుగా స్కానింగు చేయించండి.

ప్రశ్న: మాది బరంపురం. నా వయసు 29. మూడు నెలల కిందట బయాప్సీలో ఇడియోపతిక్ గ్రాన్యులోమాటస్ మాస్టైటిస్ అని వచ్చింది. క్షయ పరీక్షలు రెండింటిలోనూ లేదనే వచ్చింది. స్టెరాయిడ్ బిళ్లలు రెండు నెలలుగా వేసుకుంటున్నాను. గడ్డ సగానికి తగ్గింది గాని ముఖం ఉబ్బింది, మూడు కిలోలు పెరిగాను. మానేద్దామనుకుంటున్నాను. మెథోట్రెక్సేట్ అనే మరో మందు మొదలుపెడతామంటున్నారు. రెండో బిడ్డ కావాలని మాకు ఉంది. ఇది రెండో రొమ్ముకు వస్తుందా? మళ్లీ పాలివ్వగలనా?

జవాబు: అమ్మా, మొదట ఒక్క మాట: స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఒక్కసారిగా మానేయకూడదు. రెండు నెలలు బయటి నుంచి అందుతున్నందువల్ల, శరీరం తన స్టెరాయిడ్ తాను తయారుచేసుకోవడం తగ్గించి ఉంటుంది. హఠాత్తుగా మానేస్తే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం వంటివి రావచ్చు, గడ్డ కూడా మళ్లీ లేవవచ్చు. డాక్టరు గారు చెప్పిన లెక్క ప్రకారం మెట్లు దిగినట్లు తగ్గించుకుంటూ రావాలి. ముఖం ఉబ్బు, బరువు మందు తగ్గిన కొద్దీ చాలావరకు తగ్గుతాయి. షుగర్, రక్తపోటు చూపించుకుంటూ ఉండండి.

మెథోట్రెక్సేట్‌ను స్టెరాయిడ్ తగ్గించడానికి తోడుగా ఇస్తారు. ఈ జబ్బులో అది మంచి మందే. అయితే కడుపులో బిడ్డకు అది తీవ్రమైన హాని చేస్తుంది. దానిని వాడుతున్నన్నాళ్లూ, మానేశాక కూడా కనీసం మూడు నెలలపాటు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి. మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్షతో నిర్ధారించుకోవాలి. వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే మందు అది. రోజూ బిళ్లలకు అలవాటుపడి దీన్నీ రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవారున్నారు. క్యాలెండరు మీద మందు వేసుకోవలసిన ఆ ఒక్క రోజుకు గుండ్రం చుట్టి పెట్టుకోండి. రెండో బిడ్డ కోరిక త్వరలోనే ఉంటే ఆ సంగతి డాక్టరు గారికి ఈ మందు మొదలుపెట్టక ముందే చెప్పండి. చాలామంది స్త్రీలు సిగ్గుపడి అది చెప్పరు. అప్పుడు డాక్టరు గారికి వేరే దారి వెతకవలసిన అవసరమే తెలియదు.

రెండో రొమ్ముకు రావడం ఉంది గాని, తక్కువమందిలోనే. తగ్గిన తరువాత అదే రొమ్ములో మళ్లీ రావడం కూడా ఉంది. కొత్తగా ఏ గడ్డ తగిలినా ‘పాతదే కదా’ అని పాత చీటీతో మందులు కొనకండి, స్కానింగు చేయించండి. పాత జబ్బు ఉన్న రొమ్ములో వేరే జబ్బు రాకూడదన్న నియమం ఏమీ లేదు. పాలివ్వడం గురించి భయం వద్దు. జబ్బు సోకని రొమ్ము ఒక్కటే బిడ్డకు సరిపోతుంది, జబ్బు తగ్గిన రొమ్ముతో కూడా చాలామంది ఇవ్వగలరు.

చివరగా ఒక పని. బయాప్సీ చేసిన చోట మీ ముక్కను మైనంలో దాచిన దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని బ్లాక్ అంటారు. రేపు జబ్బు తిరగబెట్టినా, వేరే ఊళ్లో మరో పాథాలజిస్టు అభిప్రాయం కావలసి వచ్చినా, మళ్లీ సూది గుచ్చకుండా ఆ దిమ్మ నుంచే కొత్త గాజు పలకలు తయారుచేయవచ్చు. దాని నంబరు రిపోర్టు పైభాగంలో ఉంటుంది. మీరు పంపిన జిరాక్సులో ఆ చోటు మడతలో పడి చెరిగిపోయింది. అసలు కాగితం చూసి ఆ నంబరును విడిగా రాసి పెట్టుకోండి.